న్యూట్రల్‌కు కట్టిన నల్ల నూలు

బుధవారం రాత్రి, జమ్మలమడుగు

హాల్లో లైటు మినుకుమంటోందని పిలిస్తే, వైర్‌మ్యాన్ మెయిన్ ఆపకుండానే బోర్డులో చెయ్యి పెట్టబోయాడు.

"న్యూట్రలే కదక్కా, దాంట్లో కరెంటుండదు, ఏం కాదులే."

"ఆగప్పా! లైటు ఎలుగుతాండంగ విప్పితే న్యూట్రల్ కూడా షాక్ కొడ్తాది. మా ఆయన శానాసార్లు చెప్పినాడు" అని అరిచి, మెయిన్ నేనే ఆపాను.

కువైట్‌కు వైరింగ్ పనికి పోకముందు ఈ ఇంటి వైరింగంతా ఆయనే చేశాడు. ఆ రోజు అన్నీ ఎర్ర వైర్లే దొరికితే, న్యూట్రల్‌కు గుర్తుగా మా మగ్గం నల్ల నూలు ముడేశాడు. ఆ ముడి ఇంకా అట్లే ఉంది. దాన్ని తెంపి టేపు చుడతానని వైర్‌మ్యాన్ అంటే నేను ఒప్పుకోలేదు.

అతను లూజు వైరు బిగించాక, నేను ముడిని వేలితో తడుముతుంటే, "మెయిన్ వేద్దామా అక్కా?" అన్నాడు. ఇంకాసేపు ఆగమన్నాను.

అక్కడ ఆయన బోర్డులో చెయ్యి పెట్టేటప్పుడు, ఆగమని అరిచేవాళ్లు ఎవరైనా ఉన్నారో లేదో...