అన్నయ్య బిగించిన సీటు

వదినకు నమస్కారం. నేను కులాసాగానే ఉన్నాను, కుదురుకోనిది సైకిలే.

అన్నయ్య పోయాక మూలపడ్డ ఆ సైకిలును మీ కొత్త ఉద్యోగానికి సిద్ధం చేసిస్తానని మాటిచ్చి తెచ్చాను. చక్రాలు తిరుగుతున్నాయి, గొలుసు కదిలింది. సీటు మాత్రం అన్నయ్య ఎత్తులోనే బిగుసుకుపోయింది. దించకపోతే మీ కాళ్ళు పెడళ్ళకు అందవు. కిరసనాయిలు పోసి నానబెట్టాను, వేడినీళ్ళు పోశాను, సుత్తితో కొట్టాను. మూటలు వేసుకుని తొక్కితే సీటు కుంగిపోతోందని అన్నయ్య సీటు కింది గొట్టంలో డబ్బా రేకు దూర్చాడు కదా, అది తుప్పుపట్టి అక్కడే అతుక్కుపోయింది.

చివరికి వెల్డింగు షాపుకు తీసుకెళ్ళాను. అతను పెద్ద పానా పట్టించి, దానిమీద వేలాడి, చెమట తుడుచుకుని నవ్వాడు.

"ఏ మొండిఘటం బిగించాడయ్యా దీన్ని? వెళ్ళి వాణ్ణే పిలుచుకురా. వాడొస్తే తప్ప ఊడదు."

"సరేనండీ" అని సైకిలు నడిపించుకుంటూ వచ్చేశాను.

ఇక కోయడమే మిగిలింది. కోశాక గొట్టం నిలుస్తుందన్న ఆశ నాకు లేదు. పొద్దుటి షిఫ్టు వేళకు బస్సు ఉండదు కాబట్టి, చేరే రోజు కాస్త వెనక్కి జరుపుతారేమో ఫ్యాక్టరీలో అడిగి చూడండి. వంటింటి కుళాయి ఇంకా కారుతోందా? పాపకు దగ్గు తగ్గిందా? దానికి నా దీవెనలు.

రంపం తెచ్చి పక్కన పెట్టుకున్నాను. అన్నయ్య బిగించినదాన్ని కోయడానికి చేతులు రావడం లేదు. కోయమని మీరే ఒక్క మాట రాయండి.

మీ మరిది