పది రోజులు దాటాకే పేరు

బావా,

ఆ కుక్కకి పిచ్చి ఉందేమోనని నా భయం. పాపకి రెండో సూది వేయించడానికి టెక్కలి వెళ్తున్నాను. కుక్కని జీడిచెట్టుకే కట్టి ఉంచు. మధ్యాహ్నం నీళ్లు పెట్టి, తాగిందో లేదో నిలబడి చూడు. చేత్తో ముట్టుకోకు. కరిచాక పది రోజులు అది బాగుంటేనే భయం లేదని డాక్టరమ్మ చెప్పింది. ఇవాళ్టికి మూడే అయ్యాయి.

బారువ నుంచి తెచ్చిన రోజు నుంచీ నీకు దాని బంగారు రంగు బొచ్చే లోకం. పాప పిక్కలో పళ్లు దిగి ఏడుస్తుంటే నువ్వు దాని పేరు కోసం ఫోనులో ఎవరినో "బంగారమని ఎట్టమంటావేటి, తేనె అని ఎట్టమంటావేటి?" అని అడుగుతున్నావు. కన్నకూతురి పేరుకి ఇరవై ఒకటో రోజు దాకా ఆగిన ఇల్లు ఇది. కుక్కకి పది రోజులు ఆగలేవా? పదకొండో రోజున నీకు నచ్చిన పేరు పెట్టి ఊరంతటికీ భోజనాలు పెట్టుకో. అందాకా అది ఉత్త కుక్కే.

అన్నం వండి ఉంచాను.

గౌరి

ఇంకొకటి. అత్త ముంజేతికి గుడ్డ కట్టుకుంది. అడిగితే "జీడి సొన తగిలి కాలింది, నీకేటి?" అంది. నీ కుక్క మీద మాట రాకూడదని దాస్తోందని నా అనుమానం. నాకైతే చూపించదు. కొడుకువి కదా, నువ్వే గుడ్డ విప్పి చూడు.