వంతెన నిలిచే ఉంది

అక్కా,

తమ్ముడు జుల్‌బహ్రి సలాములతో రాస్తున్నది. ఇక్కడ ముఆరో పినాగోలో మనవాళ్ళందరం క్షేమం. ఇన్నేళ్ళూ ఈ మాట అలవాటుకొద్దీ రాసేవాణ్ణి. ఈసారి ఒక్కొక్కరినీ తలుచుకుని, వేళ్ళు మడిచి మరీ రాస్తున్నాను. బాతామ్‌లో నీ అన్నం కొట్టు బాగా నడుస్తోందనీ, నీ నడుం నొప్పి తగ్గిందనీ తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి వరసగా చెబుతాను. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. గోడ పట్టుకుని గుమ్మం దాకా వస్తుంది, మెట్లు మాత్రం దిగలేదు. కొబ్బరి కాపు బాగానే ఉంది కానీ దింపు ఆగిపోయింది. భూకంపం నాడు కాయలు దింపే మన కోతి చెట్టెక్కి మూడు రోజులు దిగలేదు. ఇప్పుడు దిగింది, మళ్ళీ ఎక్కమంటే పళ్ళు చూపిస్తోంది. "ఊళ్ళో బుద్ధున్నది దానికొక్కదానికేరా" అన్నాడు కాఫీ కొట్టు ముసలాయన. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

నేల ఇంకా రోజుకోసారైనా కదులుతూనే ఉంది. వంటింట్లో వేలాడదీసిన గరిటె మీదే అందరి కళ్ళూ. మాట మధ్యలో అది ఊగితే మాట ఆగిపోతుంది. ఒడ్డున వల లాగేవాళ్ళు ఒకణ్ణి పని మానిపించి, ఊరికే అలలు చూడ్డానికి నిలబెడుతున్నారు. ఆచేలో సముద్రం ఊళ్ళను మింగిన కబురు విన్నప్పటి నుంచీ భయపడుతూనే ఉన్నాం. అప్పుడది నలుగురం కూర్చుని చెప్పుకునే భయం. ఇప్పుడు అన్నం ముద్ద కూడా దిగనివ్వడం లేదు.

తలపాగా కోసం నువ్వు పంపిన నల్ల గుడ్డ అందింది. వచ్చే నెల నన్ను వంశపెద్దగా కూర్చోబెట్టే రోజున స్వయంగా వచ్చి, మన ఇంటి ఆడవాళ్ళ తరఫున సరేనంటానని రాశావు. విందుకి గేదెను కూడా మాట్లాడి ఉంచారు. ఆ వేడుక గురించి చివర్లో రాస్తాను, కొంచెం ఓపిక పట్టు.

మర్నిస్ ఎందుకు రాయడం లేదని మూడుసార్లు అడిగావు. నీ కూతురు ఒంట్లో బాగానే ఉంది, బడికి వెళ్తోంది. పన్నెండేళ్ళకే అమ్మ పనులన్నీ తనే చూస్తోంది. ఇదివరకు "మామయ్యా, ఆ మీసం నీదేనా, మేకపోతు దగ్గర అరువు తెచ్చావా?" అని ఏడిపించేది. ఇప్పుడు నేను వెళ్తే మంచినీళ్ళిచ్చి పక్కకు తప్పుకుంటుంది. అడిగినదానికే జవాబు.

ఎందుకో నాకు తెలుసక్కా. మొన్న సిగ్నల్ కోసం కొండెక్కి ఫోన్ చేసినప్పుడు "ఆ రోజు అమ్మనీ పిల్లనీ పైకి చేర్చింది నువ్వేగా" అన్నావు. నేను "ఊఁ" అన్నాను. ఆ ఊఁ అప్పటినుంచీ గొంతులో చేపముల్లులా ఉంది. ఫోన్లో చెప్పడానికి నోరు రాక, ఇలా రాస్తున్నాను.

ఆ రోజు పొద్దున పది గంటలప్పుడు కొండ కింద మా అత్తారింట్లో, నీ మరదలు ఎల్విదా దగ్గర ఉన్నాను. నేల ఊగడం ఆగగానే ఎల్విదా, "మీరు మీ అమ్మ దగ్గరికి పోండి! మా అన్నయ్య వస్తాడు, మేం ఎక్కేస్తాం!" అని అరిచింది. మన పద్ధతి అదే కదా. ఎవడి అక్కచెల్లెళ్ళ ఇంటికి వాడు పరిగెత్తాలి. అనుకున్నట్టే వాళ్ళన్నయ్య వచ్చాడు, నా నాలుగేళ్ళ కొడుకు ఫాజ్రుల్‌ని ఎత్తుకున్నాడు. నేను ఏటి వంతెన వైపు పరిగెత్తాను.

వంతెన సగం దాటాను. అవతల మన ఇంటి మెట్ల మీద మర్నిస్ నిలబడి ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది. అంతలో కాళ్ళ కింద ఏటి నీళ్ళు సముద్రం వైపు జర్రున లాగేసుకుపోయాయి. పడవలు బురదలో ఒరిగాయి. నా జన్మలో చూడని సముద్రపు నేల బయటపడింది, దాని మీద చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఎక్కడా చప్పుడు లేదు.

అక్కా, నేను వెనక్కి తిరిగాను. పిల్ల చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

కొండ దారిలో ఎల్విదా అన్నయ్యను అందుకుని, అతని చేతుల్లోంచి ఫాజ్రుల్‌ని లాక్కున్నాను. నేను పరిగెత్తేది కొడుకు కోసమని నలుగురూ అనుకోవాలి కదా. "వీడు నా మేనల్లుడు బావా, నేను మోస్తాను. నీ మేనకోడలేదీ?" అన్నాడు. వినబడనట్టే ఎక్కేశాను.

దేవుడి దయ, నీళ్ళు మన ఇంటి మూడో మెట్టు దాకా వచ్చి, కోళ్ళనీ చేపలెండబెట్టే తడకల్నీ పట్టుకుని వెనక్కి పోయాయి. మధ్యాహ్నం నమాజు వేళకి దిగి వెళ్ళాను. అమ్మ తెల్లని నమాజు బట్టల్లో గుమ్మంలో కూర్చుని ఉంది. మర్నిస్ తన నడుముకీ అమ్మ నడుముకీ కలిపి దుప్పటి కట్టేసి ఉంది. దింపాలని చూసి ఉంటుంది. చేతకాక అక్కడే ఉండిపోయింది.

"వచ్చావా నాయనా? వంతెన తెగిపోయిందేమో, అందుకే ఆలస్యమైంది కదూ?" అంది అమ్మ.

"అవునమ్మా" అన్నాను.

మర్నిస్ ఏటి వైపు చూసింది. వంతెన నిలిచే ఉంది. బిగిసిపోయిన ముడి మీద నేను చెయ్యి వేయబోతే, "నేను విప్పుకుంటాలే మామయ్యా" అంది.

సొంత బిడ్డను ఒళ్ళో పెట్టుకో, మేనకోడలిని చెయ్యి పట్టి నడిపించు అని కదా మనకు నేర్పారు. వంశపెద్దగా కూర్చునేవాడు ఆ మాటే అందరి ముందూ చెప్పాలి. నేను చెప్పలేను. మన ఇంటి ఆడవాళ్ళు ఒప్పుకోకపోతే ఆ పీఠం మీద ఎవరూ కూర్చోలేరు. నువ్వు వద్దని చెప్పు. ఎందుకని అడిగితే ఈ ఉత్తరం చదివి వినిపించు.

సిగ్గు ఒకటైతే, భయం ఇంకొకటి. మళ్ళీ నేల కదిలితే నా కాళ్ళు ఎటు పరిగెడతాయో నాకే తెలీదు. అందుకని పెళ్ళయినవాణ్ణి అయ్యుండి, సిగ్గు విడిచి పదిహేను రోజులుగా అమ్మ ఇంటి అరుగు మీదే పడుకుంటున్నాను. "అల్లుడంటే మొద్దు మీద బూడిదేగా, పెళ్ళాం ఊదేసిందా?" అంటున్నారు కాఫీ కొట్లో.

మంగళవారం మిట్టమధ్యాహ్నం గట్టిగానే కదిలింది. తోటలో ఉన్నాను. ఈసారి వంతెన పూర్తిగా దాటాను అక్కా, ఏడుస్తూ దాటాను. తలుపు బార్లా తీసి ఉంది. ఇంట్లో ఎవరూ లేరు.

కొండ సగంలో కనబడ్డారు. చేపల తోపుడుబండిలో అమ్మ కూర్చుని ఉంది, మర్నిస్ నెడుతోంది. అరుగు దగ్గర్నుంచి మెట్ల మీదుగా జారుబల్ల ఒకటి, ఆ పొద్దున నేను తోటకి వెళ్ళాక పలకలతో తనే కొట్టుకుందట. నేను బండి మీద చెయ్యి వేశాను.

"నువ్వు ఫాజ్రుల్‌ని చూసుకో మామయ్యా. మాకు బండి ఉంది" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది.

నీళ్ళు రాలేదు. సాయంత్రం నల్ల గుడ్డ నీకు తిరిగి పంపుదామని పెట్టె తీస్తే అందులో లేదు. వెళ్ళి బండిలో చూశాను. అమ్మ జారిపోకుండా నడుముకు చుట్టి కట్టడానికి మర్నిస్ తీసుకుంది. నేను అడగలేదు. అది దాని దగ్గరే ఉండనీ.

నువ్వు రా అక్కా. తొందరగా రా.

ఇట్లు,
నీ తమ్ముడు
జుల్‌బహ్రి
(మర్నిస్ మేనమామ అని కూడా రాసేవాణ్ణి. ఈసారి దాన్ని అడిగి రాద్దామనుకున్నాను, అడగలేకపోయాను.)