మిరపకాయల గోడౌన్లో మన కాలేజీ

పద్మా,

ఇవాళ మన పాత గోడౌను పడగొట్టేశారే. క్రోసూరులో మన డిగ్రీ కాలేజీ మొదలైంది అందులోనే కదా, మిరపకాయల టిక్కీ బస్తాలు ఖాళీ చేసి బెంచీలు వేసి. ఇప్పుడు దాని చుట్టూ మూడంతస్తుల సైన్సు బ్లాకు, అమ్మాయిల హాస్టలు లేచాయి. గోడౌను చోట లైబ్రరీ కడతారట. మొదటి బ్యాచీ వాళ్ళని రమ్మంటే వెళ్ళాను.

జేసీబీ గోడను నెట్టగానే సన్నటి ఎర్రదుమ్ము లేచి, ఎండలో మెరుస్తూ, తొందరేమీ లేనట్టు మా మీదికి తేలి వచ్చింది. ఇన్నేళ్ళయినా ఘాటు పోలేదు. వీడియోలు తీసుకుంటున్న పిల్లలంతా తుమ్ములే తుమ్ములు.

"ఏందిరా ఇది, గోడలో కారం పోసి కట్టారా?" అన్నాడొకడు.

నాకేమో ఆ దుమ్ములో మన హిస్టరీ మాస్టారు కనిపించారు. ఎవరు తుమ్మినా అపశకునమని పాఠం ఆపి, కాసేపు కూర్చుని లేచేవారు. గంట కొట్టేదాకా ఏ రాజూ సింహాసనం ఎక్కేవాడు కాదు.

అంతలో నా పక్కనున్న అమ్మాయి తుమ్మింది. తల తట్టి "నూరేళ్ళు" అనబోయి ఆగాను. ఆ మూడేళ్ళూ నీ ప్రతి తుమ్ముకీ అనేదాన్ని. "చాల్లేవే, ఇన్ని నూరేళ్ళు నేనేం చేసుకోవాలి?" అని విసుక్కునేదానివి. నలభై కూడా చూడకుండా వెళ్ళిపోయావు.

ఆ పిల్ల మళ్ళీ తుమ్మింది. ఈసారి అనేశాను. నువ్వు వాడుకోకుండా వదిలేసినవన్నీ తనకిచ్చేశానే.

నీ రాజ్యం