నర్మద చెవిలో చప్పుడు

సిరిసిల్ల

వదినకు,

మీ బిడ్డ నర్మద నిన్న దవాఖాన నుంచి ఇంటికి వచ్చింది, బాగుంది. మోకాలి నొప్పితో మీరు రాలేకపోయారు. ఫోనులో నేను చెప్పలేకపోయినది రాస్తున్నాను.

కుడిచెవిలో గుండె కొట్టుకున్నట్టు చప్పుడవుతోందని ఏడాదిగా చెబుతూనే ఉంది. "సాంచాలు నడిచే ఇంట్ల ఎవరి చెవులు మోగయి?" అన్నాను. పండుగకు ఆ మరమగ్గాలన్నీ ఆపిన రోజూ అదే మాటంటే, పుట్టింటికి, మీ చెన్నూరుకు పోవడానికి కోడలి సాకనుకున్నాను.

కరీంనగర్ డాక్టరు ఆమె చెవి వెనక గొట్టం పెట్టి విని, దాన్ని నా చెవులకు తగిలించాడు. నాకూ వినిపించింది, వదినా. మెడ మీద వేలితో నొక్కితే ఆగింది, తీస్తే మళ్లీ మొదలైంది. తలలోంచి రక్తం దిగే నరం ఒకచోట ఇరుకైందట. ముందు మాత్రలిచ్చాడు, తగ్గలేదు. ప్రాణానికి భయం లేదు, చప్పుడుతోనే ఉండొచ్చు, లేదంటే తొడలోంచి తీగ పంపి ఆ ఇరుకులో స్టెంట్ వేయొచ్చు అన్నాడు. మావాడు భయపడ్డాడు. నర్మద మాత్రం "ఏపిచ్చుకుంట" అంది. నేను అడ్డు చెప్పలేదు.

డాక్టరు బస్సెక్కొచ్చు అనగానే నేనే వెంటబెట్టుకొని మీ దగ్గరికి తీసుకొస్తాను. ఎన్నాళ్లుంటుందో ఆమె ఇష్టం.

స్టెంట్ వేసిన మర్నాడు డాక్టరు అడిగితే "చప్పుడు పోయింది సార్" అని నవ్వింది. ఆయన గొట్టం నా వైపు చాపి, "మీరు గూడ వినుండ్రి అమ్మా" అన్నాడు.

"నాకెందుకు సారూ, పిల్ల చెప్తున్నది గద" అన్నాను.

మీ వదిన