నెలలు నిండని బాలయేసు

చిన్నారి క్లెలియాకు నాయనమ్మ ముద్దులు, దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్నకూ ఒంట్లో బాగానే ఉంది, వచ్చిన జబ్బంతా మేయరు పదవిదే. నీ దగ్గు తగ్గిందా? లీల్ నగరం చలికి ఆ పల్చటి కోటు ఆగదని చెప్పాను. మన ఇంట్లో నా మాట వినేదెవరు గనక!

"నాన్న పేరు పేపర్లో పడిందట, మీరిద్దరూ మాట్లాడుకోవడం లేదట, నిజమేనా?" అని అడిగావు. రెండూ నిజమే. రెండు తప్పులూ వాడివే.

మీ తాతయ్య ఎల్జియార్ బతికుండగా మట్టితో చేసిన క్రిస్మస్ పశువులపాక బొమ్మలు మీ నాన్న టౌన్‌హాల్లో పెడతానన్నాడు. వద్దన్నాను. సర్కారు బడిలో లాటిన్ చెప్పినన్నాళ్లూ మెడలో శిలువను గేటు దగ్గరే తీసి జేబులో వేసుకున్నదాన్ని. దేవుడేమీ నొచ్చుకోలేదు. సర్కారు గోడ నమ్మేవాళ్లదీ, నమ్మనివాళ్లదీ. వాడు వింటేనా? అటక మీది పెట్టె దింపుకుపోయి, జనన మరణాలు నమోదుచేసే కిటికీ పక్కనే కొలువుదీర్చాడు.

ఏ దేవుణ్ణీ నమ్మని విదాలెంక్ మాస్టారు కోర్టుకెక్కారు. చర్చినీ సర్కారునూ విడదీసిన 1905 చట్టం ఉండగా ఇదేమిటని ఆయన వాదన. పండగ అలంకారమైతే తప్పులేదని మీ నాన్న వకీలు ఎదురు వాదించాడు. పైగా ఒక సలహా పారేశాడు: "బాలయేసును పండగ అర్ధరాత్రి పెడితే అది పూజ. ఇప్పుడే పెట్టేస్తే అలంకారం."

ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఆ అర్ధరాత్రి దాకా బాలయేసు తొట్టి ఖాళీగా ఉంటుంది. మీ నాన్న డిసెంబరు మొదటి తారీఖునే బిడ్డను పడుకోబెట్టాడు. మరియమ్మకింకా నొప్పులైనా రాలేదు! అలాంటి కాన్పు ఏ మంత్రసానీ చేసి ఉండదు.

అంతవరకూ అయితే నవ్వి ఊరుకుందును. కోర్టుకిచ్చిన కాగితంలో వాడు రాసిన మాట విను: "మా నాన్న కళాకారుడు. ఈ బొమ్మల్లో భక్తి ఏమీ లేదు." బాలయేసును చేసే రోజు పచ్చి మంచినీళ్లయినా ముట్టని మనిషికి భక్తి లేదట!

ఆ కాగితం నాకు చూపించింది మాస్టారే. "మేడమ్ ఒనొరిన్, ఎల్జియార్ దేవుడి కోసం నాతో జీవితమంతా పోట్లాడాడు. భక్తి లేనివాడితోనా నేను అన్నాళ్లు తలపడింది?" అన్నారు.

ఇక నీకెవరూ చెప్పని సంగతి. నేనే చెబుతాను. గురువారం జనం కిటకిటలాడే వేళ టౌన్‌హాలుకు వెళ్లాను. బొమ్మల ముందు మోకరించి, జపమాల తీసి, అందరికీ వినబడేలా ప్రార్థన మొదలుపెట్టాను. పాస్‌పోర్టు కోసం వచ్చిన ఒకావిడ కూడా నా పక్కన మోకరించింది. మీ నాన్న మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, లే! నా పరువు తీస్తున్నావు!"

"అలంకారం ముందు కూర్చుంటే నీ పరువెందుకు పోతుందిరా?"

"ఇది సర్కారు భవనం! ఇక్కడ ప్రార్థనలు కూడవు!"

బెంచీ మీద కూర్చున్న మాస్టారు టోపీ తీశారు. "మేయరుగారూ, ఆ మాట ఇంకాస్త గట్టిగా అనండి. మా వకీలుకు చెముడు."

హాలంతా గొల్లుమంది. పాస్‌పోర్టావిడ మాత్రం నవ్వలేదు, ప్రార్థన పూర్తిచేసి లేచింది. మర్నాడు పెట్టె మా ఇంటికి తిరిగొచ్చింది. మాస్టారు కేసు మానుకున్నారు.

మీ నాన్న రాసిన మాట మాత్రం కోర్టు దస్త్రాల్లో అలాగే ఉంది. రాజీపడమని నాకు రాయకు. తండ్రి పేరు మీద అబద్ధం రాశానని ఒప్పుకుని, సంతకం పెట్టి, అదే కోర్టుకు పంపాలి. పంపిన రోజే వాడికి నా ఇంట్లో పండగ భోజనం. అందాకా వాడి కుర్చీలో మాస్టారు కూర్చుంటారు. పిలిచాను, వస్తామన్నారు. భోజనానికి ముందు ప్రార్థన అయ్యేదాకా గుమ్మం బయటే నిలబడతారట. నిలబడనీ. చలిగా ఉంటుంది, తాతయ్య శాలువా ఇస్తాను.

ఇట్లు,
కోపం చల్లారని, చల్లార్చుకోవాలనీ లేని
నీ నాయనమ్మ
ఒనొరిన్