నర్సింగు పేరు

లాల్‌దర్వాజా, 1943 ఆగస్టు, గురువారం రాత్రి

మాకు పాలు పోసే బాలమ్మ కొడుకు నర్సింగు ఫౌజులో చేరి బర్మా వైపు పోయాడు. చాలాకాలంగా కబురు లేదు. మొన్న ఆమె, "తలుపు గొల్లెం చప్పుడైతె చాలు, వాడే అనుకుంట ఉరుకుతున్నయ్యా. నా నర్సింగు సంగతి పేపర్ల రాయి. చూసినోళ్లెవరన్న చెప్తరు" అంది.

రాశాను. ఆమె మాట అచ్చులో తేలిపోతుందనిపించింది. దిగులు, బెంగ, ఫికరు, ఆందోళన, అన్నీ పెట్టి చూసి, చివరికి "యుద్ధకాలపు మానసిక ఒత్తిడి" అన్నాను. పేటలోని తల్లులందరికీ సరిపోయే మాట. అందరి గురించి రాస్తూ ఒక్కడి పేరెందుకని నర్సింగు పేరు కొట్టేశాను.

ఇవాళ పొద్దున అది పేపర్లో వచ్చింది. బాలమ్మ పాలచెంబు దించి, చదివి వినిపించమంది. తల ఊపుతూ చివరిదాకా వింది.

"మంచిగ రాసినవయ్యా. పాపం, ఆ తల్లులెవరో గని. మరి నాదెప్పుడొస్తది?"

"రేపు" అన్నాను.

సాయంత్రం ఎడిటర్‌గారిని అడిగాను. "ఆ విషయం వేశాం కదండీ, మళ్లీ ఎందుకు?" అన్నారు.

తెల్లారితే బాలమ్మ పాలు తెస్తుంది.